సయాగారి తామరపువ్వులు

చిమిండైంగ్,
ఫిబ్రవరి 21, 2021

ఒలే వెరోనికా,

ఫోనుండగా ఈ ముసలిది ఉత్తరం రాయడమేమిటని నవ్వకు. ఫోనులో మాట్లాడితే ఎవరు వింటారో తెలియదు. నెట్టు వాళ్లకిష్టమైనప్పుడు ఇస్తున్నారు, కష్టమైనప్పుడు కోసేస్తున్నారు. దారిలో సిపాయిలు ఫోన్లు లాక్కుని లోపలంతా చూస్తున్నారు. మొన్న ఎండుచేపల సత్తిరాజుని ఆపి, జేబులో నేను రాసిచ్చిన సరుకుల చీటీ తీసి, "ఇదేం రాత?" అన్నారట. "మంత్రం బాబూ" అన్నాడట వీడు. కళ్లకద్దుకుని తిరిగిచ్చారట! తెలుగు చదివేవాళ్లు మన పిల్లల్లోనే లేరు, ఇక సిపాయిల్లో ఎక్కడుంటారు? అందుకని ఇకమీదట మన మంత్రాలు సత్తిరాజు మూడు చక్రాల బండిలో ఎండుచేపల బుట్ట కింద వస్తాయి. ముక్కు మూసుకుని చదువు. అహ్లోన్ మిల్లు లైన్లలో నీతోపాటు నన్నూ కూర్చోబెట్టి మీ అమ్మ నేర్పిన మూడో తరగతి అక్షరాలివి. తప్పులుంటే ఆవిడదే పూచీ.

నాకు బెంగగా ఉంది. ఎప్పుడు లేదంటావు, తెలుసు. ఈసారిది కొత్త బెంగ. నా మనవరాలు రాధాకుమారి ఆసుపత్రికి వెళ్లడం మానేసింది. సైన్యం గద్దెక్కాక నర్సులూ డాక్టర్లూ పని మానేస్తున్నారు కదా, వాళ్లలో ఇదొకతె. మానిన వాళ్ల పేర్లు రాసుకుని పట్టుకెళుతున్నారట. "ఏటే గుంటా, పీకల మీదకి తెచ్చుకుంతన్నావు" అన్నాను. "అమ్మమ్మా, ఆళ్ల కింద సెయ్యను. రోగం ఉన్నోళ్లకి ఎక్కడైనా సేత్తాను" అంది. దాని తల్లి పోయిన రోజు నుంచి నా చేతుల మీద పెరిగింది, ఇంత మొండితనం ఎక్కడిదో. నాదే అనకు.

రాత్రి ఎనిమిదయితే వీధి వీధంతా గిన్నెలు కొడుతోంది, దెయ్యం పారిపోవాలని. నేనూ కొడుతున్నాను. మా అమ్మ ఇత్తడి గిన్నె కాదు, అల్యూమినియంది. దెయ్యం పోతుందో లేదో కానీ సొట్ట మాత్రం ఖాయం.

అసలు సంగతి మరిచాను. రాధ నా ఫోనులో వైబర్ గ్రూపు ఒకటి పెట్టింది. 'రంగూను తెలుగు కుటుంబం' అని పేరు, నూట నలభై మంది. రాయడం అక్కర్లేదు, నొక్కి పట్టుకుని మాట్లాడితే చాలు. మన ఎడ్విన్ రాజు గుర్తున్నాడా, అహ్లోన్ రేవులో బస్తాల గుమాస్తా? ఇప్పుడు ఆయన ఎడ్విన్ రాజు కాదమ్మా, 'సయా'. గురువుగారు! పొద్దున్న ఆరు కొట్టేసరికి గొంతు సవరించుకుని, వెనకాల పిల్లనగ్రోవి పెట్టుకుని, ఒక జ్ఞానవాక్యం వదులుతాడు. జెన్ అట, జపానుదట. బాప్టిస్టు కదా అంటావేమో, ఆదివారం యేసుప్రభువు, మిగతా ఆరు రోజులూ జపాను. వీధికొక పగోడా ఉన్న ఊళ్లో జ్ఞానాన్ని ఓడ మీద దింపుకోవాలా? రేవు గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆయన నోరు విప్పడం ఆలస్యం, నూట నలభై మందీ తామరపువ్వు బొమ్మలు పెడతారు.

నేను బుద్ధిలేక "మా రాధ ఉద్యోగం మానేసింది, ఏటి సెయ్యాలి బాబూ" అని ఆ గ్రూపులో అడిగాను. ఒకడు తేనెలో మిరియాలు కలుపుకోమన్నాడు. ఒకావిడ ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవద్దంది. సయాగారేమో, "రేవు పడవను పిలవదు" అన్నారు. తొంభై తామరపువ్వులు! అరవై ఏళ్లు రేవు పక్కన బతికిన దాన్ని. పొద్దస్తమానం "ఒరే, ఇటు తిప్పండ్రా" అని రేవు రేవంతా అరుస్తూనే ఉండేది. పిలవకపోతే పడవలు దాని మొహం చూడ్డానికి వస్తాయా?

నువ్వు కూరగాయలు ఉప్పు నీళ్లలో కడుగు. తలుపు గడియ రెండుసార్లు చూసుకో. అల్లుణ్ణి ఎర్ర చొక్కా వేసుకోవద్దను, దింపేసిన పార్టీ రంగది. పోయినేడు కరోనా వచ్చిన రోజుల్లో నేను కొన్న ఆక్సిజన్ సిలిండరు గుర్తుందా, "అమ్మమ్మ రెండో మొగుడు" అని రాధ వెక్కిరించింది? ఇంకా మంచం పక్కనే నిలబడి ఉంది. లుంగీ కప్పాను. నువ్వూ ఒకటి కొనుక్కో.

బెంగతోనే,
దేముడమ్మ


మింగళాడోన్,
మార్చి 1

దేముడూ,

నీ ఉత్తరం చదివి ఇల్లంతా అగరొత్తులు వెలిగించాను. అంత కంపు.

గ్రూపు వాళ్లు అడగని సలహాలిస్తారని ఏడ్చావు కదా, నీ ఉత్తరంలో సలహాలు లెక్కపెట్టాను. నాలుగు. నేనేదీ అడగలేదు. మా పీటరుకి ఎర్ర చొక్కాయే లేదు. విమానాలు లేక సామాన్లు ఎక్కించే పనీ లేదు, వారం నుంచి ఒకే బనియనుతో కూర్చున్నాడు.

వెటకారం సరే, ఇది మాత్రం జాగ్రత్తగా విను. రాధ సంగతి ఇంకెప్పుడూ ఆ గ్రూపులో ఎత్తకు. అందులో చంద్రరావు ఉన్నాడు, మరిచిపోయావా? మీ వీధి చివరి ఆఫీసులో ఏ ఇంట్లో ఎవరున్నారో జాబితా రాసేవాడు. మనం కాక తెలుగు చదవగలిగే మూడోవాడు మీ వీధిలో ఉన్నాడంటే అతనే. కనుక మంత్రం కూడా అందరి దగ్గరా మంత్రం కాదు. సత్తిరాజుకి చెప్పు, ఆ ఆఫీసు ముందు నుంచి బండి తేవద్దని.

పిల్ల ఇరవై ఆరేళ్లది. దాని తెలివి దానికి ఉంది. నువ్వు నోరు కట్టుకో, వేరే మందు అక్కర్లేదు.

వెరోనికా


చిమిండైంగ్,
ఏప్రిల్ 8

వెరోనికా,

రాధ వెళ్లిపోయింది. ఆదివారం నేను బజారు నుంచి వచ్చేసరికి లేదు. చీటీ లేదు. రాస్తే బర్మా అక్షరాల్లో రాయాలి, అవి నాకు రావు. తెలుగు అక్షరాలు దానికి రావు. కుక్కరులో అన్నం వండింది. నా బీపీ మాత్రలు ఏడు అగ్గిపెట్టెల్లో ఏడు రోజులకి సర్ది, గూట్లో వరసగా పెట్టింది. వారానికి సరిపడా. ఆ తరవాత తనొస్తుందనా, నేనుండననా?

గ్రూపులో ఎత్తొద్దన్నావు. నీ మాట గుర్తుంది. గుర్తుండగానే చెయ్యి నొక్కేసింది. "మా గుంట కనబడ్డం నేదు, ఎవురైనా సూసినారా" అని ఏడ్చాను. పై అంతస్తు వాళ్ల తీగ నెట్టు నాకూ అందుతుంది, అదే నా కర్మ. ఒకావిడ నల్ల నువ్వులు తినమంది. ఇంకొకాయన, పిల్లలు పక్షులనీ మనం కొమ్మలమనీ అన్నాడు. నేను కొమ్మనట! కొమ్మకి మోకాళ్ల నొప్పులుంటాయా? చివరికి సయాగారు దిగారు. పిల్లనగ్రోవి, దగ్గు, ఆపైన: "దాచినది బరువు, చెప్పినది గాలి."

ఒలే, ఆయన మాట నేను వినడం జన్మలో అదే మొదటిసారి. ఆయనది సగం తప్పు, మా నాన్నది సగం. నీకు తెలుసు కదా, మా నాన్నకి ఇక్కడ పరాయి దేశస్థుడి పుస్తకం ఉండేది. ఊరు దాటాలంటే ఠాణాకి వెళ్లి చెప్పి, ముద్ర వేయించుకోవాలి. ఒక్కసారి చెప్పకుండా పెగూలో పెళ్లికి వెళ్లి పన్నెండు రోజులు లోపలున్నాడు. బయటికొచ్చి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "సూడమ్మా, ఎల్లేవోడు సెప్పి ఎల్లాలి, సెప్పకపోతే దొంగోడంతారు" అన్నాడు. అరవై ఏళ్లుగా ఆ మాట నా కడుపులో ఉంది.

ఇప్పుడు రాత్రి చుట్టాలు ఉంటే ఆఫీసులో చెప్పాలని రూలు పెట్టారు కదా. వచ్చిన వాళ్లని చెప్పాలంటే, పోయిన వాళ్లని మాత్రం చెప్పొద్దా? రాధని దొంగ అంటారేమోనని, శుభ్రమైన చీర కట్టుకుని, ఇంటి జాబితా కాగితం సంచిలో పెట్టుకుని, నేనే నడిచి వెళ్లాను.

చంద్రరావు కుర్చీ వేశాడు. "కూకోండి పిన్నిగారూ. ఏటి పనిమీద వచ్చినారు?"

"మా మనవరాలు ఇంట్లో నేదు బాబూ. జాబితాలో ముగ్గురని ఉంది, అందులో మా ఆయన పోయి ఆరేళ్లు. ఇప్పుడు నానొక్కర్తినే. రాసుకో."

పోయిన వాళ్లని చెప్పడానికి ఆ ఆఫీసుకి ఎవరూ రాలేదట, నేనే మొదటిదాన్నట. "ఎప్పట్నించి నేదు? ఎక్కడ పని సేసేది?" అన్నాడు. తేదీతో సహా అన్నీ చెప్పాను. సంతకం కూడా పెట్టాను. టీ ఇచ్చాడు.

నిన్న పొద్దున్న సిపాయిలు వచ్చారు. మంచం కింద చూశారు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు, రాధ ఫోటో గోడ మీంచి తీసుకెళ్లారు. సిలిండరు మీద లుంగీ ఎత్తి చూసి మళ్లీ కప్పారు. మర్యాదస్తులు. వారానికి రెండుసార్లు వస్తామన్నారు.

నేను చెప్పినది గాలి అయింది వెరోనికా. ఆ గాలి నా బిడ్డ వెనకాల పడింది. ఎక్కడుందో నీకేమైనా తెలుసా? తెలిస్తే ఒక్క ముక్క రాయి.

దేముడమ్మ


మింగళాడోన్,
ఏప్రిల్ 11

దేముడూ,

నీ ఉత్తరం చదివి ఒకపూట అన్నం తినలేదు. దొంగతనం జరిగిన ఇల్లు నేను చూశాను కానీ, దొంగకి తాళంచెవి తీసుకెళ్లి ఇచ్చి, టీ తాగి, రసీదు మీద సంతకం పెట్టి వచ్చినదాన్ని నిన్నే చూస్తున్నాను. మీ నాన్న కాలం వేరు. ఆయన్ని దొంగ అన్నది పుస్తకం లేక కాదు, పుస్తకం ఉండబట్టే.

రాధ గురించి నాకేమీ తెలియదు. ఇంకెప్పుడూ అడగకు. అడిగినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. బాధపడకు, అన్నీ సర్దుకుంటాయి. మనసు నిమ్మళంగా ఉంచుకో.

నీ మునక్కాడల పులుసులో బెల్లం ఎంత వేస్తావు? ఎప్పుడు వేస్తావు, చింతపండుకి ముందా వెనకా? వివరంగా రాయి.

వెరోనికా


చిమిండైంగ్,
ఏప్రిల్ 19

వెరోనికా,

మొదట నీ ఉత్తరం చూసి ఒళ్లు మండింది. "మనసు నిమ్మళంగా ఉంచుకో" అట! నీకు కూడా పిల్లనగ్రోవి కొనిస్తాను, సయాగారి పక్కన కూర్చో అనుకున్నాను. నా బిడ్డ కనబడక నేను చస్తుంటే, దీనికి పులుసు కావలసి వచ్చింది అనుకున్నాను.

రెండు రోజులు అలా తిట్టుకున్నాక, మూడోనాడు మునక్కాడలు తరుగుతూ కత్తిపీట దగ్గర ఆగిపోయాను.

అరవై ఏళ్ల నుంచి నువ్వు పులుసులో బెల్లం ముట్టవు. నా పెళ్లిలో కూడా విస్తరి పక్కకి తోసి "పాయసంలో ముక్కలేసినారేటే" అని అందరి ముందూ నా పరువు తీశావు. మీ ఇంట్లో బెల్లం పులుసు తినేవాళ్లు ఎవరూ లేరు. బెల్లం లేకపోతే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషిని నా జన్మలో ఒక్కదాన్నే చూశాను.

నేనేమీ అడగను. నువ్వేమీ చెప్పకు. అంత పెద్ద దండు ఉన్న చోట, వాళ్ల కంటి ముందరే! నీ గుండె గుండెనా, మిల్లు గొట్టమా?

బెల్లం పెద్ద నిమ్మకాయంత. చింతపండు ఉడికిన తరవాతే. మొదట వేస్తే ముక్కలు ఉడకవు. దించే ముందు ఆవపిండి చిటికెడు. అన్నం వేడిగా ఉండాలి, చల్లారితే తినదు. తినరు అని నా భావం, ఎవరైనా సరే.

ఇక నా నోటికి పని పెట్టాను. నోరు కట్టుకోవడం నాకు రాదు. ఒక్కసారిగా కట్టుకుంటే చంద్రరావుకి అనుమానం రాదా? అందుకని వేరే దారి పట్టాను. నిన్న పొద్దున్న, సయాగారి పిల్లనగ్రోవి ఆగీ ఆగగానే, నేను నొక్కి పట్టుకుని నెమ్మదిగా అన్నాను: "ఎల్లిన పడవ గురించి రేవు ఏడవడం మానేసింది బాబూ. నాకిప్పుడు ఎవురూ నేరు. అలాగే బాగుంది."

ఏం చెప్పమంటావు! నూట పద్నాలుగు తామరపువ్వులు. నల్ల నువ్వులావిడ ఏడ్చేసింది. సయాగారు స్వయంగా, "దేముడమ్మగారు వదిలిపెట్టారు. మనం ఇంకా పట్టుకునే ఉన్నాం" అన్నారు. చంద్రరావు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఈ వారం సిపాయిలు ఒక్కసారే వచ్చారు, మంచం కింద చూడలేదు.

అబద్ధం ఆడిన రోజున నాకు జ్ఞానం వచ్చిందన్నారు. నిజంగా ఏడ్చినప్పుడు నువ్వులు తినమన్నారు. ఇదీ మన కుటుంబం.

రోజుకొక వాక్యం చెప్పాలిప్పుడు. ఆయనకంటే నాకు పువ్వులు ఎక్కువ పడుతున్నాయి. ఆయన గొంతులో కొంచెం తేడా కనిపెట్టాను.

దేముడమ్మ

ఇంకొకటి. తడి జుట్టుతో పడుకోవద్దు. నీకే చెబుతున్నాను.


మింగళాడోన్,
మే 30

దేముడూ,

బెల్లం సరిపోయింది. గిన్నె నాకినంత పని అయింది. నా ఇంట్లో పులుసు పాయసం అవుతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చింది, అది నా ఖర్మ.

నీ ఉత్తరాలు ఇక్కడ బిగ్గరగా చదవాల్సి వస్తోంది. కళ్లు బాగానే ఉన్నవాళ్లు, అక్షరాలే రానివాళ్లు ఒకళ్లు ఉన్నారు. తడి జుట్టు దగ్గరికి వచ్చేసరికి లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. ముక్కు ఎర్రగా తిరిగొచ్చారు. పడిశం అన్నారు.

జ్ఞానం మరీ పెంచుకోకు. కొండెక్కి కూర్చుంటావని భయంగా ఉంది.

మన చుట్టుపక్కల దగ్గులు మొదలయ్యాయి. నీ రెండో మొగుణ్ణి ఎవరికీ ఇవ్వకు.

వెరోనికా


చిమిండైంగ్,
జూలై 15, పొద్దున్న

వెరోనికా,

సత్తిరాజు బండి ఆపుకుని నిలబడ్డాడు. త్వరగా రాస్తున్నాను.

ఎడ్విన్ రాజుకి ఊపిరాడటం లేదు. ఈవేళ ఆరింటికి పిల్లనగ్రోవి లేదు. గరగరమంటూ గొంతు ఒక్కటే వచ్చింది. "ఊపిరి ఆడ్డం నేదు. ఒక్కణ్నే ఉన్నాను. ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతాదో ఎవరికైనా తెలుసా?" అని. అందరికంటే ముందు సన్యాసి అనే కుర్రాడు జవాబిచ్చాడు: "ఊపిరిని గమనించండి సయా."

అది ఆయన మాటే. ఈ నెల మొదట్లో సన్యాసి వాళ్లమ్మకి ఆయాసం వచ్చి ఇలాగే అడిగితే ఈయన చెప్పిన వాక్యం. అప్పుడు డెబ్బై పువ్వులు పడ్డాయి. రెండో రోజుకి ఆవిడ పోయింది. సన్యాసి వెటకారంగా అన్నాడో, భక్తిగా అన్నాడో నాకు తెలియలేదు. తరవాత వరసగా అందరూ ఆయన వాక్యాలు ఆయనకే అప్పజెప్పారు. ఒకడు "రేవు పడవను పిలవదు" అని కూడా అన్నాడు.

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. అంతలో లుంగీ కప్పుకుని నిలబడ్డ సిలిండరు కంటబడింది. సన్యాసి వాళ్లమ్మ రొప్పుతున్నప్పుడు కూడా అది ఇక్కడే ఉంది. రాధకి కావాలేమోనని నేను నోరు విప్పలేదు. ఆయన వాక్యమైనా ఇచ్చాడు, నేను అదీ ఇవ్వలేదు.

సైకా రిక్షా ఒకటి మాట్లాడాను. దాన్ని ఎక్కించుకుని అహ్లోన్ పోతున్నాను. ఆ మీటరు ఎలా బిగించాలో, గాలి ఎంత తిప్పాలో నాకు తెలియదు. తెలిసినవాళ్లని అడిగి కాగితం మీద రాసి పంపు. కాగితం చాలు. మనిషి వద్దు. మనిషి వద్దని నొక్కి చెబుతున్నాను.

దేముడమ్మ


మింగళాడోన్,
జూలై 15

దేముడూ,

కాగితం పంపమన్నావు. నీ ఉత్తరం చదవడం పూర్తికాకముందే కాగితం చెప్పులేసుకుంది. "మనిషి వద్దంట" అని రెండుసార్లు చదివాను. పీటరు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. కాగితం అతని చంక కింద నుంచి దూరి, చేపల బుట్టల మధ్య కూర్చుంది.

నేను మోకాళ్ల మీద ఉన్నాను. చేరగానే కబురు పంపు.

వెరోనికా


చిమిండైంగ్,
జూలై 18

వెరోనికా,

నీ కాగితం నీ ఇంటికి క్షేమంగా చేరిందని సత్తిరాజు చెప్పాకే నాలుగు మెతుకులు దిగాయి. మిగతాది కాగితం చెప్పే ఉంటుంది. అయినా నా వైపు నుంచి విను.

ఎడ్విన్ రాజు ఇంటికి వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. మనిషి గోడకి ఆనుకుని చేప నోరు తెరిచినట్టు తెరుస్తున్నాడు. గోడ నిండా తామరపువ్వుల పటాలు. సైకావాడు సిలిండరు దించి పారిపోయాడు. నేను ఆ ఇనప మూతితో కుస్తీ పడుతుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చూస్తే చంద్రరావు. మూతికి రెండు గుడ్డలు కట్టుకుని, లోపలికి రాకుండా, "సయాకి తేనెలో మిరియాలు పెట్టినారా పిన్నిగారూ?" అంటున్నాడు.

అతని పక్క నుంచి అది వచ్చింది. తల నుంచి కాలి దాకా ప్లాస్టిక్కు, కళ్లకి అద్దాలు, ముక్కూ మూతీ లేవు. ఎండుచేపల వాసన ఒక్కటే ఉంది. దాని నడక నాకు తెలియదా? ఎడమ కాలు కొంచెం బయటికి వేస్తుంది.

నా నోరు తెరుచుకుంది. ప్రభువో నూకాలమ్మో తెలియదు, ఎవరో లోపల పట్టుకుని మూశారు.

అది నన్ను చూసి బర్మా మాటలో, "ఆ పానా ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చాను. చేతులు తగిలాయి. దాని రెండు జతల గ్లౌజుల మీద నుంచి. రెండు తిప్పులు తిప్పింది, బుస్సుమంది, గొట్టం ఆయన ముక్కుకి పెట్టింది. నేను మూడు గంటలు చేయలేని పని మూడు నిమిషాల్లో చేసింది.

"ఎవులండీ ఈ నర్సు?" అన్నాడు చంద్రరావు.

"నాకేటి తెలుసు బాబూ. బర్మా పిల్లలాగుంది. దేవుడు పంపినాడు."

"ఏ ఆసుపత్రి?"

"నువ్వే లోపలికొచ్చి అడుగు. ఆయన నీ మీదకి దగ్గుతాడు, నాకు సంబంధం నేదు."

అతను నాలుగడుగులు వెనక్కి వేశాడు. అయినా వీధిలోనే నిలబడ్డాడు, మెడ సాచుకుని.

సాయంత్రం దాకా ఉంది. నేను ఆ మూల, అది ఈ మూల. తిన్నావా అని అడగలేదు. చిక్కిపోయావనలేదు. వెరోనికా, డెబ్బై రెండేళ్లలో నేను అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే. వెళ్లేముందు ఆయన చెవి దగ్గరికి వంగి, చంద్రరావుకి వినపడకుండా, "తాతా, నెమ్మదిగా పీల్చు. నెమ్మదిగా" అంది. తెలుగులో. ఆయన కళ్లు తెరిచాడు. ఆ అద్దాల్లోంచి దాన్ని చూశాడు. తరవాత నన్ను చూశాడు. మళ్లీ దాన్ని. చిన్నప్పుడు రేవులో బస్తాల మీద ఎక్కించి ఆడించిన పిల్లని ఆయనకి తెలియదా? తెలిసిపోయింది.

గుమ్మం దాటుతూ నా వైపు తిరిగి, "అఫ్వా, మీరు ఇంటికెళ్లి స్నానం చేయండి" అంది. దారినపోయే ఏ ముసలిదాన్నయినా ఇక్కడ అలాగే అంటారు. అది నన్ను పుట్టి ఎప్పుడూ అలా అనలేదు. నేనూ బర్మా మాటలోనే "సరే నర్సమ్మా" అన్నాను. ఇంటికొచ్చి స్నానం చేశాను. చాలాసేపు చేశాను.

ఇప్పుడు నా భయం ఒక్కటే. ఆయన బతుకుతాడు. బతికితే మాట్లాడతాడు. ఆ నోరు పొద్దున్న ఆరింటికి ఊరుకోదు. పైగా చంద్రరావు గ్రూపులో అప్పుడే అడిగేశాడు: "సయాకి గాలి పెట్టిన తల్లి ఎవరో కోలుకున్నాక చెప్పాలి, మనమంతా సన్మానం చేద్దాం" అని. సన్మానం! ఎవరి చేత చేయిస్తాడో నాకు తెలుసు.

దేముడమ్మ


మింగళాడోన్,
జూలై 21

దేముడూ,

సంచి సర్దించి గుమ్మం పక్కన పెట్టాను. పీటరు ప్రతి పొద్దున్న ఐదున్నరకే లేచి బండి దగ్గర కూర్చుంటున్నాడు. ఆ మనిషి నోరు జారితే, నువ్వు సత్తిరాజుని ఖాళీ బుట్టలతో పంపు. ఉత్తరం అక్కర్లేదు. బుట్ట ఖాళీగా కనపడితే గంటలో పిల్లని ఇక్కడి నుంచి దాటిస్తాం. ఎక్కడికని అడగకు. ఈసారి నాకు కూడా తెలియదు.

వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. "అమ్మమ్మ నన్ను నర్సమ్మ అంది" అని ఒక్క మాట చెప్పి గోడ వైపు తిరిగింది. పులుసు చేశాను. నిమ్మకాయ కాదు, నారింజకాయంత బెల్లం వేశాను.

వెరోనికా


చిమిండైంగ్,
ఆగస్టు 4

వెరోనికా,

బుట్టల నిండా చేపలే పంపుతున్నాను. చూసుకో. ముందు సంచి విప్పించు, తరవాత చదువు.

ఎడ్విన్ రాజు లేచి కూర్చుని నాలుగు రోజులైంది. నిన్నటిదాకా పొద్దున్న ఆరు ఊరికే గడిచింది. నేను మాత్రం ఐదింటి నుంచే ఫోను ఒళ్లో పెట్టుకుని, సత్తిరాజుని వాకిట్లో కూర్చోబెట్టి, ఒక ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని ఉన్నాను. పాపం సత్తిరాజు, "అప్పా, సేపలు కుళ్లిపోతన్నాయి" అంటాడు. కుళ్లనీ అంటాను.

ఈవేళ ఆరింటికి మోగింది. పిల్లనగ్రోవి లేదు. గొంతు సవరించుకోలేదు. ఊపిరి తీసి వదలడం వినబడింది, రెండుసార్లు. నూట నలభై మందీ కాచుకుని ఉన్నట్టున్నారు, పొలోమని మీద పడ్డారు. చంద్రరావే ముందు: "సయా, దేవుడి దయ. ఆ రోజు మీ ఇంటికొచ్చిన నర్సు ఎవరు సయా? ఏ ఊరు? పేరు చెప్పండి."

నా చెయ్యి ఖాళీ బుట్ట మీద ఉంది. సత్తిరాజు బండి మీద కాలేశాడు.

అప్పుడు ఆయన అన్నాడు: "ఎవురూ రానేదు."

అంతే. ఇంకేమీ లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లలో ఆయన చెప్పిన వాటిలో మొదటి పచ్చి అబద్ధం అది. మొదటి పనికొచ్చే మాట కూడా అదే.

ఆ తరవాత జరిగింది విను. ముందుగా నల్ల నువ్వులావిడ, "ఎవురూ రానేదు! అబ్బ, ఎంత లోతు!" అంది. ఇక ఆగలేదమ్మా. వచ్చినవాడూ లేడట, పోయినవాడూ లేడట. గాలి పెట్టినది గాలేనట. ఒకాయన ఆ రెండు ముక్కల మీద పావుగంట వ్యాఖ్యానం చెప్పాడు. సన్యాసి ఒక్కడే ఏమీ అనలేదు. నేను ఈ ఉత్తరం తరవాత వాడి దగ్గరికి వెళతాను. సిలిండరు నింపించి వాళ్లింట్లో పెడతాను. వాళ్ల నాన్న ఉన్నాడు కదా. ఆలస్యంగానైనా.

చివర్లో చంద్రరావు: "నాకిప్పుడు అర్థమయింది సయా. తప్పుగా అడిగాను. ఎవరూ రాలేదు." నూట ముప్ఫై ఎనిమిది పువ్వులు పడ్డాయి. ఆయనకెప్పుడూ అన్ని పడలేదు. నాకూ పడలేదు.

నేను కూడా ఒకటి పెట్టాను వెరోనికా. ఎక్కడ నొక్కాలో తెలియక ముందు ఏనుగు బొమ్మ పడింది, తరవాత దొరికింది. నూట ముప్ఫై తొమ్మిది.

దానికి ఈ ఉత్తరం బిగ్గరగా చదువు. నర్సమ్మ అన్నందుకు కోప్పడొద్దను. జుట్టు ఆరాకే పడుకోమను. చెప్పొద్దులే, అడగని సలహా. చెప్పు.

అగ్గిపెట్టెలు ఏడూ ఖాళీ అయినా పారెయ్యలేదు. ఇప్పుడు నేనే సర్దుకుంటున్నాను, ఆదివారం మొదలు.

దేముడమ్మ